చీకటి ఆకాశం కోసం: మేనల్లుడికి ఒక లేఖ

హనుమకొండ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

టెలిస్కోపు కొన్నావనీ, ఇక్కడి నుంచి ఎంత దూరం వెళ్తే మంచి చీకటి దొరుకుతుందో చెప్పమనీ రాశావు. దూరం ముఖ్యమే. నగరానికి రెట్టింపు దూరం జరిగితే ఆకాశంలో దాని వెలుగు సుమారు ఆరో వంతుకు పడిపోతుంది. అయితే కిలోమీటర్లు లెక్కపెట్టే ముందు ఏ నెలలో, ఏ దిక్కున, ఏం చూడదలచుకున్నావో తేల్చుకోవాలి. మన జిల్లాల్లో ఎక్కడ నిలబడినా ఏదో ఒక ఊరి వెలుగు ఆకాశం అంచున తెల్లగా కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి, అది నీ వీపు వైపు పడేలా చోటు ఎంచుకోవడమే అసలు పని.

మనం దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందువల్ల దక్షిణాకాశం మనకు బాగానే దక్కింది. ఫిబ్రవరి మధ్యలో రాత్రి తొమ్మిదికి అగస్త్య నక్షత్రం దక్షిణాన 19 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఏప్రిల్ చివర రాత్రి పదింటి ప్రాంతంలో సిలువ ఆకారంలో ఉండే త్రిశంకు మండలం నిటారుగా నిలుస్తుంది కానీ, దాని అడుగు చుక్క 9 డిగ్రీల ఎత్తు దాటదు. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే అంత. దక్షిణాన చెట్టో గుట్టో అడ్డుంటే ఆ రాత్రి ప్రయాణం వృథా అయినట్టే.

ములుగు వైపు వెళ్తే వరంగల్ వెలుగు నైరుతిన మిగులుతుంది. మే నెలలో అర్ధరాత్రికి పాలపుంత నడిమి భాగం ఆగ్నేయాన పైకి వస్తుంది కాబట్టి అప్పుడు ఆ చోటు ఎంతో అనుకూలం. అదే పాలపుంత అక్టోబరు సాయంత్రాలకు నైరుతికి వాలి నగరపు వెలుగులో కలిసిపోతుంది. అప్పుడు దాన్ని వదిలేసి, మనవాళ్లు పిల్లలకోడి అని పిలిచే కృత్తికలు తూర్పున లేచేదాకా ఆగడం మేలు. రామప్ప దగ్గర భూపాలపల్లి గనుల, విద్యుత్ కేంద్రం వెలుగు ఉత్తరాన ఉంటుంది గనుక దక్షిణం చూసేవాడికి ఇబ్బంది లేదు. లక్నవరం పేరు అందరూ చెబుతారు కానీ, వంతెన దీపాలూ కాటేజీల దీపాలూ ఉన్న ఒడ్డు కన్నా అక్కడికి కొంత ఎడంగా ఉన్న పొలం నయమని నా అభిప్రాయం. తాడ్వాయి దాటితే చీకటి ఇంకా చిక్కనే కానీ, అది ఏటూరునాగారం అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేకుండా రాత్రి అక్కడ ఆగకు. మేడారం జాతర మాఘ పౌర్ణమి రోజుల్లో వస్తుంది కనుక అప్పుడు జనమూ వెన్నెలా రెండూ ఉంటాయి. చుక్కల పని పెట్టుకోకు.

రాత్రి దీపాల వెలుగు ఎక్కడ ఎంత ఉందో చూపే కాంతి పటాలు ఫోన్‌లో దొరుకుతాయి, వాటిని పూర్తిగా నమ్మవద్దు. వాటికి ఆధారమైన ఉపగ్రహం మన మీదుగా వెళ్లేది అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర ప్రాంతంలో కాబట్టి సాయంత్రపు దీపాలు దాని లెక్కలోకి రావు. పైగా తెల్ల ఎల్‌ఈడీ దీపాల్లోని నీలి కాంతిని అది సరిగా పట్టుకోలేదు. గాలిలో ఎక్కువగా చెదిరి ఆకాశాన్ని తెల్లబరిచేది ఆ నీలి కాంతే. అందుకే పటంలో నల్లగా ఉన్న చోటికి అమావాస్య దగ్గరలో ఒకసారి ఉత్త చేతులతో వెళ్లి, కళ్లు చీకటికి అలవాటుపడేలా అరగంట ఫోన్ తెరవకుండా కూర్చుని, కృత్తికల్లో ఎన్ని చుక్కలు విడివిడిగా కనిపిస్తున్నాయో లెక్కపెట్టు. ఏడు దాటితే టెలిస్కోపు మోసుకెళ్లవచ్చు.

అన్నిటికన్నా జాగ్రత్తగా వినవలసిన మాట ఇది. మన వైపు పొలాల్లో అడవిపందుల కోసం కొందరు దొంగచాటుగా కరెంటు తీగలు పెడతారు. వాటికి మనుషులూ బలవుతున్నారు. కాబట్టి పగలే వెళ్లి పొలం యజమానిని కలిసి, ఆయన చూపిన చోటే సామాను దించు; చీకటి పడ్డాక గట్ల మీద తిరగకు. పాముల భయం కూడా ఉంది కనుక బూట్లు వేసుకో. చీకటికి అలవాటైన కళ్లు చెదరకుండా టార్చికి ఎర్ర కాగితం చుట్టుకో. ములుగు దగ్గర నాకు తెలిసిన రైతు ఒకాయన ఉన్నారు. వెళ్లే తేదీ వారం ముందే చెబితే ఆయనతో నేనే మాట్లాడి పెడతాను.

ఇట్లు,
మీ మామయ్య