పాఠకుల ప్రశ్నలు, డాక్టరు జవాబులు: చేతికి అతికించే షుగరు సెన్సరు

ప్రశ్న: మా నాన్నకు 62 ఏళ్ళు. పదిహేనేళ్ళుగా షుగరు ఉంది. మూడేళ్ళ నుంచి ఉదయం, రాత్రి ఇన్సులిన్ వేసుకుంటున్నారు. ఈ మధ్య రెండుసార్లు తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు పట్టి మాట తడబడితే చక్కెర నీళ్ళు తాగించాం. హెచ్‌బీఏ1సీ మాత్రం 7.2 వచ్చింది, బాగుందన్నారు. బెంగళూరులో ఉన్న మా తమ్ముడు చేతికి అతికించే సెన్సరు కొంటానంటున్నాడు. దాన్ని నమ్మవచ్చా? రాగి సంగటి తింటే షుగరు పెరగదన్న మాట నిజమేనా?
ఒక పాఠకురాలు, ఉరవకొండ

జవాబు: మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆ రెండు తెల్లవారుజాములు. హెచ్‌బీఏ1సీ సుమారు రెండు మూడు నెలల సగటును చెప్పే పరీక్ష. రాత్రి 50కి పడిపోయి మధ్యాహ్నం 250కి ఎగబాకే మనిషికి కూడా ఆ సగటు చూడముచ్చటగానే రావచ్చు. అందుకని సెన్సరు వచ్చేదాకా ఆగకుండా, ఈ వారంలోనే డాక్టరును కలిసి రాత్రి మోతాదు గురించి అడగండి. ఆ రాత్రులు ఇన్సులిన్ వేసుకున్నాక భోజనం ఆలస్యమైందా, పగలు చేనులో ఎక్కువ పని చేశారా అన్నది గుర్తు తెచ్చుకొని చెప్పండి. కిడ్నీల పనితీరు తగ్గినవారిలో ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించండి.

ఇక సెన్సరు మీ నాన్నగారిలాంటివారికే అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం. నాణెం ఆకారంలో ఉండే ఆ బిళ్ళను జబ్బ వెనకవైపు అతికిస్తే, వెంట్రుకలాంటి సన్నని తీగ చర్మం కిందికి దిగుతుంది. అది ఉండేది రక్తనాళంలో కాదు, కణాల మధ్య ఉండే ద్రవంలో. తీగ మీద పూసిన ఎంజైము అక్కడి గ్లూకోజుతో కలిసినప్పుడు పుట్టే కొద్దిపాటి కరెంటును కొలిచి, ఆ లెక్కను కొన్ని నిమిషాలకొకసారి ఫోనుకు పంపుతుంది. రక్తంలో జరిగిన మార్పు ఆ ద్రవంలోకి చేరడానికి ఐదు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది కనుక, షుగరు వేగంగా పడిపోతున్నప్పుడు ఫోనులో 80 కనిపిస్తున్నా రక్తంలో అప్పటికే 65 ఉండవచ్చు. చెమటలు, వణుకు ఉండి ఫోను అంకె బాగానే ఉంటే, వేలు గుచ్చి గ్లూకోమీటరులో చూడవలసిందే. దీనికి తిరగబడిన పొరపాటు కూడా ఉంది: సెన్సరు ఉన్న చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే, లేని తగ్గుదల చూపించి అర్ధరాత్రి అలారం మోగిస్తుంది. మొదటి రోజు అంకెలు కూడా అంత నికరంగా ఉండవు.

సాధారణంగా ఒక సెన్సరు 14 రోజులు పనిచేస్తుంది, ఖర్చు వేలల్లో ఉంటుంది. ఏడాది పొడవునా కొనే మాట ఇప్పుడే అనుకోకండి. ముందు ఒక్కటి పెట్టించి, ఆ రెండు వారాలూ ఇన్సులిన్ వేసిన వేళ, తిన్నది, పొలానికి వెళ్ళిన రోజులు నోటుపుస్తకంలో రాసి, గ్రాఫుతో పాటు డాక్టరుకు చూపించండి. 2019లో అంతర్జాతీయ నిపుణులు కుదిర్చిన లక్ష్యం ప్రకారం షుగరు 70 నుంచి 180 మధ్య 70 శాతానికి పైగా సమయం ఉండాలి, 70 కన్నా తక్కువ 4 శాతం లోపు, అంటే రోజుకు గంట లోపే ఉండాలి. వయసు పైబడినవారికి, షుగరు పడిపోయే ప్రమాదం ఎక్కువున్నవారికి ఆ గంటను కూడా పావుగంటకు కుదించారు. మీ నాన్నగారికి నేనైతే ఈ రెండో లెక్కనే చూస్తాను. మోతాదు మార్చాక కూడా రాత్రిళ్ళు పడిపోతుంటే, అప్పుడు సెన్సరును కొనసాగించడం న్యాయమైన ఖర్చే.

మన ఎండల్లో చెమటకు బిళ్ళ ఊడిపోతుంటుంది. నూనె జిడ్డు లేకుండా కడిగి, బాగా ఆరిన చర్మం మీద అతికించాలి. ఫోను మంచం పక్కనే ఉండాలి, పక్కగదిలో ఛార్జింగుకు పెడితే అలారం ఎవరికీ వినపడకపోవచ్చు.

మీ నాన్నగారికి మళ్ళీ అలా చెమటలు పట్టి మాట తడబడితే, స్పృహ ఉన్నప్పుడు మాత్రమే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకు మళ్ళీ పరీక్షించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయండి.

సంగటి విషయానికొస్తే, రాగిలోనూ పిండిపదార్థమే ఎక్కువ, పైగా మనం అందులో బియ్యమో నూకలో వేసి వండుతాం. షుగరు తప్పకుండా పెరుగుతుంది, ఎంతన్నది ముద్ద సైజును బట్టి ఉంటుంది. ఒక రోజు రెండు ముద్దలు, ఇంకో రోజు ముందు ఆకుకూర పప్పు తిని ఆపైన ఒక ముద్ద తినమని చెప్పి, రెండు గ్రాఫులూ మీ నాన్నగారికే చూపించండి.

ప్రశ్న: కంటి డాక్టరు లేకుండానే కంటి ఫొటో చూసి షుగరు వల్ల రెటీనా దెబ్బతిన్నదీ లేనిదీ కంప్యూటరు చెబుతుందంటున్నారు. అది చాలా?
ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: అలాంటి పరికరానికి అమెరికా నియంత్రణ సంస్థ 2018లోనే అనుమతి ఇచ్చింది. ఎవరిని వెంటనే కంటి డాక్టరు దగ్గరకు పంపాలో వడపోయడానికి అది మంచి సాధనం. శుక్లం వల్ల ఫొటో మసకగా వచ్చి ఫలితం తేలకపోతే, జబ్బు లేదని మాత్రం అనుకోకండి. చూపు బాగున్నా ఏడాదికోసారి పరీక్ష తప్పనిసరి. కంట్లో చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది, ఆ రోజు బండి నడపకుండా ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి.