డాక్టర్ సలహా: యాక్సిడెంట్ జరిగి 8 నెలలు.. ఇప్పటికీ నిద్రలో కేకలు, బండి ఎక్కాలంటే వణుకు

ప్రశ్న: మాది నకిరేకల్ దగ్గర పల్లెటూరు. మా ఆయన డీసీఎం (సరుకు తోలే చిన్న లారీ) డ్రైవర్. వయసు 38. ఎనిమిది నెలల కింద రాత్రిపూట బత్తాయి లోడుతో హైదరాబాద్ పోతుంటే హైవే మీద ఆగి ఉన్న లారీకి బండి గుద్దుకుంది. పక్కన కూర్చున్న క్లీనర్ అక్కడికక్కడే చనిపోయాడు. మా ఊరి పిల్లాడే. మా ఆయన తలకు, భుజానికి దెబ్బలు తగిలాయి, మానిపోయాయి. కానీ మనిషి మునుపటిలా లేడు. నిద్రలో అరుస్తాడు. ఒకసారి లేపబోతే నా గొంతు పట్టుకున్నాడు. హారన్ వినిపిస్తే ఉలిక్కిపడతాడు. బత్తాయి వాసనకే వాంతి చేసుకుంటాడు. ‘వాణ్ని నేనే పనికి పిలిచిన, నేనే చంపిన’ అంటాడు. ఆ పిల్లాడి ఇల్లున్న వాడకే పోడు. సాయంత్రమైతే కల్లు కంపౌండ్‌లో ఉంటాడు. జడుసుకున్నాడని, గాలి సోకిందని అంటే జాన్‌పహాడ్ దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించాం. ఇది పిచ్చా డాక్టర్ గారూ? కల్లు బంద్ చేయిస్తే తగ్గుతుందా? మళ్లీ బండి నడుపుతాడా?

జవాబు: అమ్మా, ఇది పిచ్చి కాదు. మీరు రాసిన లక్షణాలన్నీ పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, అంటే పీటీఎస్‌డీ అనే జబ్బును సూచిస్తున్నాయి. ఉత్తరం చదివి జబ్బు ఖాయం చేయకూడదు, ఆయన్ను డాక్టర్ చూడాలి. కానీ ఇది అదే అయితే, నయమయ్యే జబ్బు. ఎనిమిది నెలలైంది కదా, ఇక ఇంతేనేమో అనుకోకండి. ఏళ్లు గడిచాక వైద్యం మొదలుపెట్టి కోలుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. తాయెత్తు తీసేయమని నేను చెప్పను. దాంతోపాటు దవాఖానకు కూడా తీసుకెళ్లమంటున్నాను.

కళ్ల ముందు చావు చూసిన ఎవరికైనా కొన్నాళ్లు నిద్ర పట్టదు, గుండె దడదడలాడుతుంది. చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి ఘోరాన్ని ఎదుర్కొనేవారు 70 శాతం దాకా ఉంటే, వారిలో పీటీఎస్‌డీ బారిన పడేది 5.6 శాతమే. నెల దాటినా తగ్గకుండా రోజువారీ బతుకు దెబ్బతింటుంటే అప్పుడు దాన్ని జబ్బు అంటాం. ధైర్యం లేనివాళ్లకే ఇది వస్తుందనుకోవడం తప్పు. ఈ పేరు 1980లో వైద్య గ్రంథాలకెక్కింది కూడా యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల బాధ చూశాకే.

బత్తాయి వాసన సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ ఇంట్లో దాన్ని అతి అనుకుంటూ ఉండొచ్చు. ఆ రాత్రి క్యాబిన్‌లో పగిలిన కాయల రసం, డీజిల్, రక్తం వాసనలు కలిసిపోయి ఉంటాయి. ప్రాణం పోతుందనిపించిన క్షణంలో మెదడులోని అమిగ్డలా అనే చిన్న భాగం చుట్టూ ఉన్న వాసన, చప్పుడు, వెలుతురు అన్నింటినీ ప్రమాదానికి గుర్తులుగా పట్టుకుంటుంది. అదే సమయంలో, ఏది ముందు జరిగింది, ఏది తర్వాత, అది ముగిసిపోయిందా లేదా అని వరుసగా దాచుకునే భాగం సరిగ్గా పనిచేయదు. కాబట్టి ఆ జ్ఞాపకం పాతబడదు. ఇంట్లో ఎవరో బత్తాయి తొక్క ఒలుస్తారు, ఆయన ఒంటికి మాత్రం మళ్లీ ఆ లారీ ఎదురుగా కనిపిస్తుంది. చెమటలు, దడ, వాంతి అన్నీ నిజంగానే వస్తాయి. నటన కాదు, మొండితనమూ కాదు.

ఇక్కడే కుటుంబాలు ప్రేమకొద్దీ ఒక పని చేస్తుంటాయి. బత్తాయిలు ఇంట్లోకి తేవడం మానేస్తారు, ఆ పిల్లాడి పేరెత్తరు, హైవే వైపు పోనివ్వరు. ఆ పూటకు ఆయనకు హాయిగానే ఉంటుంది. కానీ తప్పించుకున్న ప్రతిసారీ ‘అది నిజంగానే ప్రమాదం, తప్పించుకున్నాను కాబట్టే బతికాను’ అని మెదడు మరింత గట్టిగా నమ్ముతుంది. ఇవాళ హైవే, రేపు బస్టాండు, ఎల్లుండి గడప. ఈ జబ్బును పెంచేది ఈ తప్పించుకోవడమే. అలాగని బలవంతంగా బండి ఎక్కించకండి. ‘మగాడివి, మర్చిపో’ అనే మాట కూడా వద్దు.

అసలు వైద్యం మాటలతో చేసేది. క్లినికల్ సైకాలజిస్ట్ గానీ, ఇందులో శిక్షణ ఉన్న సైకియాట్రిస్ట్ గానీ వారానికోసారి చొప్పున మామూలుగా 8 నుంచి 15 సిట్టింగులు చేస్తారు. ఆ రాత్రి ఏం జరిగిందో ఆయన చేతే, ఆయన ఓర్చుకోగలిగినంత మేర, మొదటి నుంచి చివరి దాకా మళ్లీ మళ్లీ చెప్పిస్తారు. మొదట్లో కష్టంగా ఉంటుంది. చెప్పగా చెప్పగా అది ఎప్పుడో జరిగి ముగిసిన సంగతిగా మారుతుంది. ‘నేనే చంపిన’ అన్న మాటనూ అక్కడే విప్పి చూస్తారు: లారీ ఎలా ఆగి ఉంది, చూసి బ్రేకు వేయడానికి ఎంత టైమ్ దొరికింది, పనికి పిలిచిన రోజు ఆయనకు ఏం తెలుసు, ఏం తెలియదు. పోయిన పిల్లాడి కోసం దుఃఖం మిగులుతుంది, మిగలాలి కూడా. ఆ తల్లిదండ్రులను కలవడం ఏదో ఒకనాటికి ఆయనకు అవసరమనిపించవచ్చు. అది ఆయన, డాక్టర్ కలిసి నిర్ణయించుకుంటారు, మీరు తొందరపెట్టొద్దు. మరోవైపు చిన్న చిన్న మెట్లుగా భయపడే వాటి దగ్గరికి తీసుకెళ్తారు. ఇంజన్ ఆపిన బండిలో కాసేపు కూర్చోవడం, తర్వాత ఇంజన్ ఆన్ చేసి కూర్చోవడం, ఊళ్లో ఆటోలో తిరగడం, పగటిపూట బస్సులో సూర్యాపేట దాకా పోయి రావడం. ప్రతి మెట్టు దగ్గరా దడ తగ్గేదాకా ఆగాలి, మధ్యలో దిగి పారిపోకూడదు. ఈఎండీఆర్ అని కళ్ల కదలికలతో చేసే పద్ధతి కూడా బాగా పనిచేస్తుంది.

మందులు అవసరమైతే సెర్ట్రాలిన్, పారాక్సెటిన్ లాంటివి రాస్తారు. గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం కడుపులో తిప్పినట్టుంటే భయపడి మానేయొద్దు. తగ్గాక కూడా ఏడాది దాకా వాడమంటాం, తర్వాత డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. జీవితాంతం వాడాల్సి వస్తుందన్న భయం వద్దు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్ర మాత్రలు, ముఖ్యంగా అల్ప్రజోలం, ఈ జబ్బును నయం చేయవు సరికదా అలవాటైపోతాయి.

కల్లు గురించి చాలా జాగ్రత్తగా వినండి. మన నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో దొరికే కల్లులో అల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలుపుతారన్నది అందరికీ తెలిసిందే. మీ ఆయనకు అది నిద్రమందులా పనిచేస్తోంది, అందుకే వదలలేకపోతున్నాడు. కోపంతో ఒక్కసారిగా బంద్ చేయిస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పి మాట్లాడవచ్చు, ప్రాణం మీదకు రావచ్చు. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు పాలమూరు, నిజామాబాద్, మెదక్ జిల్లాల్లో ఎంతోమంది ఇలాగే ఆస్పత్రుల పాలయ్యారు. డాక్టర్ పర్యవేక్షణలో, మందుల సాయంతో తగ్గించాలి. కల్లు మానితే ఈ జబ్బు దానంతటదే పోదు. రెండింటికీ ఒకేసారి వైద్యం జరగాలి.

రాత్రి అరిచినప్పుడు మీద చేయి వేసి లేపకండి. ఆ క్షణంలో ఆయనకు మీరెవరో తెలియదు. లైటు వేసి, కాస్త దూరంలో నిలబడి పేరు పెట్టి పిలవండి. ‘మన ఇంట్లోనే ఉన్నవు, బండి లేదు, నేను పక్కనే ఉన్న’ అని నెమ్మదిగా చెప్పండి. కళ్లు తెరిచాక పాదాలు నేలకు ఆనించి కూర్చోమనండి, చల్లటి నీళ్లతో ముఖం కడుక్కోమనండి. కోర్టు వాయిదాల ముందు, ప్రమాదం జరిగిన తేదీ దగ్గరపడినప్పుడు కలలు ఎక్కువవుతాయి. అది జబ్బు తిరగబెట్టడం కాదు.

ఒక మాట మీరు నేరుగా అడగాలి: ‘చచ్చిపోవాలనిపిస్తున్నదా?’ అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఆయన్ను ఒంటరిగా వదలకండి, అదే రోజు దవాఖానకు తీసుకెళ్లండి. ఏం చెప్పినా సరే, ఇంట్లో, బావి దగ్గర ఉన్న పురుగుల మందు డబ్బాలు ఈరోజే ఆయనకు అందకుండా వేరేవాళ్ల ఇంటికి చేర్చండి.

నల్లగొండ, సూర్యాపేట ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో ఎక్కడికైనా వెళ్లి మానసిక వైద్య విభాగం అని అడగండి. బీబీనగర్ ఎయిమ్స్ కూడా మీకు దూరం కాదు. వెళ్లేలోపు టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మీరు మీ కోసమే ఫోన్ చేసినా వింటారు. ఎనిమిది నెలలుగా మీకూ నిద్ర లేదు కదమ్మా, తప్పకుండా చేయండి.

బండి విషయానికొస్తే, నిద్ర, కల్లు రెండూ అదుపులోకి వచ్చేదాకా స్టీరింగ్ పట్టుకోకూడదు. తర్వాత కొందరు మళ్లీ డ్రైవింగ్‌కే వెళ్తారు, కొందరు వేరే పని చూసుకుంటారు. ఆ నిర్ణయం ఇప్పుడు తీసుకోవద్దు. తలకు దెబ్బ తగిలిందన్నారు కాబట్టి తలనొప్పి, మరుపు, తల తిరగడం ఉంటే తప్పక చెప్పండి, వాటికి వేరే పరీక్షలు అవసరం కావచ్చు. మొదటిసారి వెళ్లేటప్పుడు ప్రమాదం నాటి డిశ్చార్జి కాగితాలు, స్కాన్ ఫిల్ములు, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రల షీట్లు తీసుకెళ్లండి. రోజుకు ఎన్ని సీసాల కల్లు తాగుతున్నాడో దాచకుండా చెప్పండి, మందు మోతాదు దాన్ని బట్టే ఉంటుంది.