టెక్ సందేహాలు: మ్యూజిక్ వస్తోంది, తుపాకీ పేలడం లేదు!

ప్రశ్న: నాన్నగారి పాత పెంటియం కంప్యూటర్‌లో (విండోస్ 98) సెకండ్ హ్యాండ్‌లో దొరికిన సౌండ్ బ్లాస్టర్ 16 ఐఎస్‌ఏ కార్డు (పాతకాలపు ఐఎస్‌ఏ స్లాట్‌లో పెట్టే సౌండ్ కార్డు) పెట్టాను. విండోస్‌లో పాటలు బాగానే వస్తున్నాయి. డాస్‌లో (విండోస్‌కి ముందటి, కమాండ్లు టైప్ చేసే సిస్టమ్) గేమ్ పెడితే మ్యూజిక్ వస్తుంది గానీ మాటలు, తుపాకీ చప్పుళ్లు రావు. ఒక్కోసారి చిన్న ముక్క అదే పనిగా మోగి సిస్టమ్ హ్యాంగ్ అవుతోంది. కార్డు పోయినట్టేనా? (గుంటూరు పాఠకుడు)

పోలేదండీ, పారేయకండి. మీరు చెప్పిన లక్షణాల్లోనే జవాబు ఉంది. గేమ్‌లో మ్యూజిక్ కార్డు మీదున్న ఎఫ్‌ఎం చిప్ (రేడియో కాదు, స్వరాలు తానే పుట్టించే చిప్) నుంచి వస్తుంది, దానికి ప్రాసెసర్ నేరుగా 388 అడ్రస్‌లో రాస్తే చాలు, ఇంకెవరి సాయమూ అక్కర్లేదు. తుపాకీ చప్పుడు అలా కాదు, రికార్డు చేసిన శబ్దం. దాన్ని మెమరీ నుంచి డీఎంఏ (ప్రాసెసర్‌తో పని లేకుండా డేటా తెచ్చుకునే దారి) ద్వారా లాక్కుని, ఒక ముక్క అయిపోగానే ‘తర్వాతది ఇవ్వండి’ అని కార్డు ఐఆర్‌క్యూ (ప్రాసెసర్‌ని పిలిచే, నంబరున్న గంట లాంటిది) ద్వారా పిలుస్తుంది. ఆ పిలుపు ఎవరికీ వినపడకపోతే ఉన్న ముక్కే మళ్లీ మళ్లీ మోగుతుంది. అంటే మీ గొడవ చాలావరకు ఐఆర్‌క్యూ దగ్గరే.

సౌండ్ బ్లాస్టర్ 16 వచ్చింది 1992లో, ప్లగ్ అండ్ ప్లే (కార్డు పెట్టగానే కంప్యూటరే గుర్తుపట్టి సెట్ చేసుకునే పద్ధతి) ఇంకా రాని రోజుల్లో. ఆ కాలపు కార్డు తాను ఫలానా అని బయోస్‌కి (కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) చెప్పుకోదు. రిజర్వేషన్ చార్టులో పేరు లేకుండా 5వ బెర్తులో (అంటే ఐఆర్‌క్యూ 5లో) కూర్చున్న ప్రయాణికుడిలాంటిది, టీటీఈ వచ్చి ఆ బెర్తు ఖాళీయే అనుకుని ఇంకొకరికి రాసిచ్చేస్తాడు. మీ దగ్గర ఆ ఇంకొకరు పీసీఐ (ఐఎస్‌ఏ తర్వాత వచ్చిన స్లాట్) నెట్‌వర్క్ కార్డో, ఇంకేదో అయ్యుండాలి. పీసీఐ కార్డులు తమలో తాము ఒకే ఐఆర్‌క్యూ పంచుకోగలవు, ఐఎస్‌ఏ మాత్రం సర్దుకోదు. విండోస్ 98కి పీసీఐ కార్డుని వేరే ఐఆర్‌క్యూకి జరిపే తెలివి ఉంది కాబట్టి అక్కడ పాటలు వస్తున్నాయి, డాస్‌లో ఆ పని చేసేవాళ్లు లేరు.

బయోస్‌లోకి వెళ్లి ‘పీఎన్‌పీ/పీసీఐ కాన్ఫిగరేషన్’ పేజీ తెరవండి. రిసోర్సులు ఆటోలో ఉంటే మాన్యువల్‌కి మార్చి, ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1, డీఎంఏ 5 ఈ మూడింటినీ ‘లెగసీ ఐఎస్‌ఏ’కి కేటాయించండి. ‘రీసెట్ కాన్ఫిగరేషన్ డేటా’ని ఒకసారి ఎనేబుల్ చేసి సేవ్ కొట్టండి. ఇవన్నీ చేసేముందు గడియారం సరైన టైమ్ చూపిస్తోందో లేదో చూడండి, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉంటే స్విచ్ ఆపిన ప్రతిసారీ మీ కష్టమంతా వృథా.

తర్వాత కార్డు. అడ్రస్ జంపర్ (కార్డు మీది పిన్నులకి తగిలించే చిన్న క్లిప్పు) 220 మీద ఉండాలి. ఐఆర్‌క్యూ, డీఎంఏలను చాలా మోడళ్లలో జంపర్‌తో కాకుండా కార్డుతో వచ్చే డయాగ్నోస్ ప్రోగ్రామ్‌తో పెడతారు. దాన్ని డాస్‌లో నడిపి 5, 1, 5 అని ఎంచుకోండి. చివరగా ఆటోఎగ్జెక్ ఫైల్‌లో (డాస్ మొదలవగానే నడిచే AUTOEXEC.BAT) ‘సెట్ బ్లాస్టర్’ లైన్ ఉందేమో చూడండి: సమానం గుర్తు తర్వాత ఏ220 ఐ5 డీ1 హెచ్5 పీ330 టీ6 అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండాలి, ఆ గుర్తుకి అటూ ఇటూ స్పేస్ వద్దు. గేమ్ సెటప్‌లోనూ ఇవే అంకెలు ఇవ్వాలి. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు, బయోస్‌లో ఒకటి, గేమ్‌లో ఒకటి ఇచ్చి కార్డుని తిడతారు.

మీ కార్డు మీద అసలు జంపర్లే లేకపోతే అది తర్వాత వచ్చిన ప్లగ్ అండ్ ప్లే రకం. దానికి డాస్‌లో క్రియేటివ్ వాళ్ల సీటీసీఎం ప్రోగ్రామ్ నడవాలి. ఇంకోమాట, కార్డు తీసి పెట్టేటప్పుడు స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ పీకేయండి. కాంటాక్టులు నల్లబడి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

ప్రశ్న: ఎరువుల షాపులో బిల్లింగ్ ఇప్పటికీ డాస్ ప్రోగ్రామ్‌లోనే. కొత్త కంప్యూటర్‌కి (విండోస్ 7, 32 బిట్) ప్రింటర్ పోర్టు లేదని యూఎస్‌బీ కేబుల్ కొన్నాను. డాట్ మ్యాట్రిక్స్‌లో టెస్ట్ పేజీ వస్తోంది, బిల్లు మాత్రం రావట్లేదు. (నంద్యాల)

ఆ కేబుల్ తయారుచేసేది యూఎస్‌బీ001 అనే పోర్టు. మీ ప్రోగ్రామ్ వెతికేది ఎల్‌పీటీ1, అంటే పాతకాలపు ప్రింటర్ పోర్టు. ప్రింటర్‌ని షేర్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో ‘నెట్ యూజ్’ కమాండ్‌తో ఎల్‌పీటీ1ని ఆ షేర్ పేరుకి కలపండి, వెనక ‘/persistent:yes’ అని చేర్చితే రీస్టార్ట్ చేసినా పోదు. రేపు 64 బిట్ విండోస్‌కి మారదామనుకుంటే మాత్రం కాస్త ఆగండి, 16 బిట్ డాస్ ప్రోగ్రామ్‌లు అందులో అసలు తెరుచుకోవు. డాస్ ప్రోగ్రామ్‌లని నడిపిపెట్టే వీడాస్ లాంటి సాఫ్ట్‌వేర్ మీద బిల్లు, ప్రింటు రెండూ సరిగ్గా వస్తున్నాయో లేదో సీజన్ మొదలవకముందే చూసుకోండి.