ప్యాకింగ్ ఉద్యోగమని అమ్మాయిని చిన్నబుచ్చకండి

కావలి నుంచి ఒక నాన్నగారు రాశారు. అమ్మాయి బీఫార్మసీ పూర్తి చేసింది. నాయుడుపేట వైపు ఒక మందుల కంపెనీవాళ్లు ప్యాకేజింగ్ విభాగంలో ట్రైనీగా రమ్మన్నారు. "అట్టపెట్టెలు సర్దడానికా సార్ నాలుగేళ్లు చదివించింది? హైదరాబాద్‌లో ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలపై నిఘా) కోర్సు చేయిస్తే ఏసీ గదిలో ఉద్యోగం అంటున్నారు. ఏది మేలు?"

అయ్యా, పోల్చి చెప్పమన్నారు, చెప్తాను. కానీ మీ బాధ అది కాదు. పెళ్లిలో ఎవరైనా అడిగితే 'ప్యాకింగ్‌లో చేస్తోంది' అని చెప్పడానికి మీకు నామోషీగా ఉంది, అంతే కదా?

ఇంట్లో మాత్రల షీటు ఉంటే ఒకటి చేతిలోకి తీసుకోండి. ముందు అద్దంలా కనిపించేది ఎక్కువగా పీవీసీ ప్లాస్టిక్, వెనక వేలితో నొక్కితే చిరిగేది అల్యూమినియం రేకు. పీవీసీ తేమను పూర్తిగా ఆపలేదు, అందుకని కొన్నిటికి దానిమీద పీవీడీసీ అనే ఇంకో ప్లాస్టిక్ పూత వేస్తారు, ఇంకా సున్నితమైన మందైతే రెండువైపులా అల్యూమినియమే, దాన్నే ఆలు-ఆలు అంటారు. తేమ తగిలితే ఏమవుతుందంటారా? ఆస్పిరిన్ మాత్రల డబ్బా సరిగా మూత పెట్టకుండా మన సముద్రపు గాలికి వదిలేస్తే కొన్నాళ్లకు తెరవగానే వెనిగర్ వాసన కొడుతుంది. మందు విరిగి ఎసిటిక్ ఆమ్లం బయటికొస్తోందన్నమాట. ఇంజక్షన్లకు బోరోసిలికేట్ గాజు వాడేది ఆ గాజులోంచి క్షారం మందులోకి దిగకుండా, కొన్ని సిరప్ సీసాలు ముదురు గోధుమరంగులో ఉండేది వెలుతురుకు మందు పాడవకుండా. షీటు మీద ఎక్స్‌పైరీ డేట్ కూడా ఆ మాత్రను అదే ప్యాకింగ్‌లో పెట్టి, మన వాతావరణానికి తగ్గ వేడి, తేమల్లో నెలల తరబడి పరీక్షించాకే వేస్తారు. ప్యాకింగ్ మారితే ఆ డేటుకు హామీ లేదు. ఇది అట్టపెట్టెలు సర్దడమా, మీరే చెప్పండి.

1982లో షికాగోలో ఎవరో టైలెనాల్ అనే నొప్పి మందు గుళికల్లో సైనైడ్ కలిపితే 7 మంది చనిపోయారు. మూత తెరిస్తే తెలిసిపోయే సీళ్లు అమెరికాలో తప్పనిసరి అయింది ఆ తర్వాతే. మన దగ్గర 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్ల మందులపై క్యూఆర్ కోడ్ ఉండాలన్నారు. ఇవన్నీ ప్యాకేజింగ్ వాళ్ల చేతిమీదుగా జరిగే పనులే.

ఇక ఫార్మకోవిజిలెన్స్. పని మంచిదే, మందుల దుష్ప్రభావాల రిపోర్టులు చదివి నమోదు చేయడం. నా అనుమానమల్లా ఆ కోర్సుల మీదే. కంపెనీలో చేరితే శిక్షణ వాళ్లే ఇస్తారు. బయట 'హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్' బోర్డు పెట్టినవాళ్లు ఇచ్చేది సర్టిఫికెట్, ఉద్యోగం కాదు. ఒంగోలు దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక తల్లి గాజులు కుదువపెట్టి కొడుక్కి అలాంటి కోర్సు కట్టింది. ఏడాది తర్వాత ఆ అబ్బాయి నా ముందు కూర్చుని, అమ్మకు ఏం చెప్పాలో తెలియట్లేదు సార్ అన్నాడు. పైగా రిపోర్టులు ఎక్కించే మొదటి మెట్టు పనుల్లోకి సాఫ్ట్‌వేర్ వేగంగా వచ్చేస్తోంది. చేతిలో ఉన్న ఆఫర్ వదిలి, డబ్బు కట్టి మరీ అటు వెళ్లమని నేను చెప్పలేను.

ప్యాకింగ్ ఉద్యోగంలో కష్టం లేదని కాదు. షిఫ్టులుంటాయి, లైన్ దగ్గర గంటలు నిలబడాలి, మొదటి జీతం గొప్పగా ఉండదు. వేసేది ప్రొడక్షన్ లైన్‌లోనా, ప్యాకింగ్ మెటీరియల్ పరీక్షించే క్వాలిటీ కంట్రోల్‌లోనా, డెవలప్‌మెంట్‌లోనా అని అడిగించండి. బాండ్ ఉందా, నైట్ షిఫ్ట్‌కి బస్సు ఉందా అని కూడా. రెండేళ్లు చేశాక ఇష్టం కుదిరితే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌లో రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది, వాళ్ల కేంద్రం హైదరాబాద్‌లోనూ ఉంది. కుదరకపోతే క్వాలిటీ వైపు మారొచ్చు. దారేం మూసుకుపోదు, టెన్షన్ పడకండి.

ఒక్క మాట కటువుగా చెప్తున్నాను, ఏమీ అనుకోకండి. అంత పొడుగు ఉత్తరంలో మీ బావమరిది ఏమన్నాడో ఉంది, పక్కింటివాళ్ల అబ్బాయి జీతం ఉంది, అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ఇంటర్వ్యూకి వెళ్లి నెగ్గుకొచ్చింది తను. చేరతానని చెప్పాల్సిన గడువు దాటకముందే తనతో కూర్చుని మాట్లాడండి, ఇంకా సందేహాలుంటే ఈసారి తననే రాయమనండి.