నాన్న రాళ్లు, నోటుబుక్కులు

ప్రశ్న: జియాలజిస్టుగా రిటైరైన మా నాన్న ఈమధ్యే పోయారు. ఇంటినిండా రాళ్లు, పాత నోటుబుక్కులు. ఆయన గురించి కుటుంబం కోసం రాద్దామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

జవాబు: ఆ నోటుబుక్కులతోనే మొదలుపెట్టండి. ఫీల్డు నోటుబుక్కులో సాధారణంగా తేదీ, చోటు, పెన్సిలుతో గీసిన రాతి పొరల బొమ్మ, పొర ఏ దిక్కుకి ఎన్ని డిగ్రీలు వాలిందో అన్నీ ఉంటాయి కాబట్టి, వాటి పక్కనే ఇంటి తేదీలు, అంటే మీ పుట్టినరోజులు, ఇల్లు మారిన రోజులు రాసుకుంటూ పోతే ఆయన ఎప్పుడు ఎక్కడున్నారో తేలిపోతుంది. ఆయన నెలల తరబడి క్యాంపుల్లో ఉంటే ఇల్లు నడిపింది ఎవరు? మీ అమ్మగారైతే, ఆమె కథ కూడా ఇందులో సగం ఉండాలి, అది నా గట్టి అభిప్రాయం. ఆమెను ఇప్పుడే అడగండి, వాయిదా వేయకండి.

రాళ్లను మాత్రం కడగొద్దు. వాటిమీద చిన్న తెల్లరంగు మచ్చ వేసి రాసిన నంబరు ఉంటుంది చూడండి, అది నోటుబుక్కులోని చోటుకి ముడి. ఆ నంబరు పోతే శాస్త్రపరంగా ఆ రాయి విలువ చాలావరకు పోయినట్టే. కదిలించేముందే నంబరు కనిపించేలా ఫొటోలు తీయండి. పీచులా ఉన్నవి ఆస్‌బెస్టాస్ అనే ఖనిజం కావచ్చు, దాని ధూళి పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం, గీకకండి, ఆయనతో పనిచేసినవాళ్లకు చూపించండి. మిగతావి తీసుకుంటారేమో యూనివర్సిటీ జియాలజీ విభాగంలో అడగండి, ఇచ్చేటప్పుడు నోటుబుక్కు కాపీ కూడా ఇవ్వండి.

ఆయన చేతి భూతద్దం మాత్రం పిల్లలకు ఉంచండి. కంటికి ఆనించి పట్టుకుని, రాయినే దగ్గరికి తెచ్చుకుని చూడాలని చెప్పండి.