కారును మోసే ట్రైలర్‌కీ ఆర్‌సీ ఉండాలా?

ప్రశ్న: మాది కావలి. నా దగ్గర 2004 మోడల్ మారుతి 800 ఉంది. వెనక సీట్లు తీసేసి, లోపల రోల్ కేజ్ (బండి బోల్తా పడ్డా లోపలివారిని కాపాడే ఇనుప చట్రం) వేయించి, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో జరిగే ట్రాక్ డేల (సొంత కారును రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజులు) కోసం సిద్ధం చేసుకున్నాను. దాన్ని రోడ్డు మీద నడపకుండా మా బొలెరో (తెల్ల బోర్డు) వెనక ట్రైలర్ మీద పెట్టి తీసుకెళ్లాలని ఆలోచన. నెల్లూరు ఆటోనగర్‌లో ఒకాయన ట్రైలర్ చేసిస్తానన్నాడు. ఇంజినే లేదు కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని ఆయన మాట. మా బావ మా ట్రాక్టర్ ట్రక్కునే వాడుకోమంటున్నాడు. స్నేహితులేమో ఇనుప బార్ బిగించి వెనక కట్టుకుని లాక్కెళ్లిపొమ్మంటున్నారు. వీటిలో ఏది ఎంచుకోమంటారు? నాకున్నది కారు లైసెన్సు మాత్రమే. దారిలో టెన్షన్ లేకుండా వెళ్లి రావాలంటే ఏమేం కావాలి?

జవాబు: ముందుగా ఒక మాట. సీట్లు తీసి, కేజ్ వేసిన కారును రోడ్డు మీద నడపకూడదని మీరు తీసుకున్న నిర్ణయం సరైనది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న తయారీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అలా మార్చిన యజమానికి సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి ట్రైలర్ ఆలోచన మంచిదే. చిక్కంతా ఆ ట్రైలర్ దగ్గరే ఉంది.

ఆటోనగర్ ఆయన చెప్పింది నమ్మకండి. 1988 చట్టంలో సెక్షన్ 2(28) ‘మోటారు వాహనం’ అంటే ఏమిటో చెబుతూ, ట్రైలర్ కూడా అందులోకే వస్తుందని స్పష్టంగా రాసింది. ఇంజిన్ లేకపోయినా సరే, అది బండే. బండి అయినప్పుడు సెక్షన్ 39 కింద రిజిస్ట్రేషన్, సెక్షన్ 146 కింద థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండి తీరాలి. రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కిస్తే సెక్షన్ 192 కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా. ఆ మొత్తం చూసి ‘ఇంతేనా’ అనుకోవద్దు. అసలు నష్టం జరిమానాతో రాదు, ప్రమాదం జరిగిన రోజు వస్తుంది.

మన జిల్లాల్లో ట్రాక్టర్ ట్రక్కుల కేసులు చూసినవారికి ఇది బాగా తెలుసు. ట్రాక్టర్‌కు పాలసీ ఉంటుంది, వెనక పొగాకు బేళ్లో ధాన్యం బస్తాలో మోసే ట్రక్కుకు ఉండదు. ట్రక్కు తగిలి ఎవరైనా చనిపోయినా, కాలు పోగొట్టుకున్నా, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో బీమా కంపెనీ మొదట వినిపించే వాదన ఇదే: ‘ట్రాక్టర్‌కే మేం బీమా చేశాం, ట్రక్కుకు కాదు.’ ఆ వాదన నెగ్గితే పరిహారం లక్షల్లో యజమాని నెత్తిన పడుతుంది. కొన్నిసార్లు కంపెనీ ముందు బాధితులకు చెల్లించి, తర్వాత ఆ డబ్బు యజమాని దగ్గర వసూలు చేసుకోమని ఉత్తర్వు వస్తుంది. ఎలా చూసినా పొలం అమ్ముకోవాల్సి వచ్చేది యజమానే. మీ బొలెరో వెనక నంబరు లేని ట్రైలర్ ఉంటే మీ పరిస్థితీ అంతే.

మీ ముందున్న దారుల్లో ఇనుప బార్ సలహాను పూర్తిగా పక్కన పెట్టండి. రోడ్డు నియమాల ప్రకారం ఒక మోటారు వాహనం వెనక లాక్కెళ్లడానికి అనుమతి ఉన్నది చెడిపోయి ఆగిన బండికి, భాగాలన్నీ ఇంకా బిగించని బండికి, రిజిస్టరైన ట్రైలర్‌కు, సైడ్ కార్‌కు మాత్రమే. చెడిపోయిన బండినైనా దగ్గర్లోని షెడ్డుకు చేర్చడానికే లాగాలి. రెండు బండ్ల మధ్య దూరం అయిదు మీటర్లు దాటకూడదు, వెనక ‘ఆన్ టో’ అని రాసి ఉండాలి. చక్కగా నడిచే 800ను జాతీయ రహదారి మీద కావలి నుంచి తమిళనాడు దాకా అలా లాక్కెళ్లడాన్ని ఏ ఇన్‌స్పెక్టరూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా.

మీ బావగారి సలహా మంచి మనసుతో ఇచ్చిందే, కానీ పనికిరాదు. ఆ ట్రక్కును వ్యవసాయ అవసరం కోసం, ట్రాక్టర్ లాగడానికే రిజిస్టర్ చేసి ఉంటారు. దాన్ని బొలెరోకు తగిలించి కారు మోస్తే అటు రిజిస్ట్రేషన్‌కూ ఇటు బీమాకూ విరుద్ధం. పైగా దాని కొక్కెం ఎత్తు, ఇరుసు, బ్రేకు ఏవీ హైవే వేగానికి తగినవి కావు.

ఇక మిగిలింది కార్ల కోసమే తయారైన ట్రైలర్ కొనడం, లేదా అద్దె బండి. కొనేటట్లయితే ఇనుము చూడకముందే కాగితాలు చూడండి. రిజిస్ట్రేషన్‌కు ఫారం 20లో దరఖాస్తు చేస్తూ, అమ్మకం సర్టిఫికెట్ ఫారం 21, రోడ్డు మీద నడపడానికి తగినదన్న ఫారం 22 జత చేయాలి. ఫారం 22 ఇవ్వాల్సింది తయారీదారే, ఫారం 21 తయారీదారు గానీ డీలరు గానీ ఇస్తారు. వెల్డింగ్ షాపు చేతిరాత బిల్లుతో ఆర్‌టీఓ ఆఫీసులో పని జరగదు. అందువల్ల అడ్వాన్స్ ఇచ్చే ముందే ‘ఈ మోడల్‌కు ఆమోదం ఉందా, ఫారం 21, 22 ఇస్తారా’ అని రాతపూర్వకంగా అడగండి. జవాబులో నీళ్లు నమిలితే అక్కడితో ఆపేయండి. సమాధానం వచ్చాక ఆ నకలు పట్టుకుని మీ ఆర్‌టీఓ కార్యాలయానికి వెళ్లి, ట్రైలర్‌ను ఏ తరగతిలో రిజిస్టర్ చేస్తారో కొనకముందే తేల్చుకోండి. ఆ తరగతి ఎందుకు ముఖ్యమో కాస్త వివరంగా చెప్పాలి.

సెక్షన్ 2(13) ‘సరుకు’ అంటే ఏమిటో చెబుతూ ఒక మినహాయింపు ఇచ్చింది. మోటారు కారులో గానీ, కారుకు తగిలించిన ట్రైలర్‌లో గానీ తీసుకెళ్లే లగేజీ, వ్యక్తిగత సామాను సరుకు కిందకు రావు. మరి మీ సొంత 800, మీ సొంత సరదా కోసం, మీ సొంత ట్రైలర్ మీద వెళ్తుంటే అది వ్యక్తిగత సామానేనా? వాదించవచ్చు. అయితే ఒక కారు మొత్తాన్ని వ్యక్తిగత సామాను అంటే ప్రతి అధికారీ ఒప్పుకుంటాడని నేను భరోసా ఇవ్వను, దాని మీదే ఆధారపడి ప్రయాణం పెట్టుకోమని కూడా చెప్పను. సరుకే అనుకుంటే ట్రైలర్ రవాణా వాహనం అవుతుంది. అప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్, పర్మిట్ ప్రశ్నలు వస్తాయి. పర్మిట్ విషయంలో సెక్షన్ 66(3) ఒక వెసులుబాటు ఇచ్చింది: స్థూల బరువు, అంటే గ్రాస్ వెహికల్ వెయిట్, 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు.

మీ 800 ఖాళీ బరువు దాదాపు 650 కిలోలు. ట్రైలర్ బరువు 500 కిలోలు వేసుకున్నా, చక్రాలు, జాకీ, పనిముట్లు కలిపినా మూడు టన్నులకు చాలా లోపే ఉంటారు. అందుకని ‘రేపు పెద్ద కారు కొంటే పనికొస్తుంది’ అని భారీ ట్రైలర్‌కు పోకండి. ఆర్‌సీలో రాసే స్థూల బరువు మూడు టన్నుల లోపున్న తేలికపాటి మోడల్ మీకు సరిపోతుంది. బ్రేకులున్నదే తీసుకోండి, అందులో బేరం వద్దు. బొలెరోతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్ తెరిచి, అది ఎంత బరువు లాగగలదని కంపెనీ రాసిందో చూడండి. బ్రేకులున్న ట్రైలర్‌కు ఒక అంకె, లేనిదానికి అంతకంటే తక్కువ అంకె ఇవ్వడం మామూలు. ట్రైలర్ లాగొద్దని మాన్యువల్ చెబితే బొలెరో ఆలోచన అక్కడితో మానుకోండి. ప్రమాదం జరిగాక అవతలి వకీలు కోర్టులో మొదట చూపించేది ఆ పేజీనే. హుక్ బిగించేటప్పుడు కూడా ఛాసిస్‌ను కోయడం, దానికి వెల్డింగ్ చేయడం వద్దు. అది మళ్లీ సెక్షన్ 52 దగ్గరకే తీసుకెళ్తుంది.

నంబరు ప్లేటు సంగతి చాలామందికి తెలియదు. సెక్షన్ 61 ప్రకారం ట్రైలర్ సొంత నంబరు దాని పక్క భాగంలో కనిపించాలి. దాన్ని లాగే బండి నంబరు ట్రైలర్ వెనక కనిపించాలి. అంటే మీ బొలెరో నంబరుతో మరో ప్లేటు రాయించి ట్రైలర్ వెనక బిగించాలి. 800ను ట్రైలర్ మీద ఎక్కించాక దాని బంపర్ ఆ ప్లేటును, వెనక లైట్లను కప్పేస్తోందేమో ఇంటి దగ్గరే చూసుకోండి.

లైసెన్సు గురించి భయపడనక్కర్లేదు. ట్రాక్టర్ లైసెన్సున్న వ్యక్తి దానికి ట్రైలర్ తగిలించినంత మాత్రాన లైసెన్సు లేనివాడు అయిపోడని నాగశెట్టి కేసులో 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని నడపడానికి ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సు చాలని, దాని మీద వేరే అనుమతి రాయించుకోనక్కర్లేదని 2024 నవంబరులో రంభాదేవి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మీ కారు లైసెన్సు ఈ పనికి సరిపోతుంది.

బీమా కోసం బొలెరో పాలసీ ఇచ్చిన కంపెనీకి లెటర్ పెట్టండి. ప్రైవేటు కార్ల ట్రైలర్ల కోసం ఐఎంటీ 30 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి అదనంగా చేర్చే షరతు) ఉంది. దాన్ని చేర్పించుకుని, ట్రైలర్ నంబరు పాలసీ షెడ్యూల్‌లో ప్రింటయి వచ్చేదాకా బయల్దేరకండి. ఏజెంట్ ఫోన్‌లో ‘అయిపోయింది సార్’ అంటే చాలదు. 800కు ప్యాకేజీ పాలసీ (థర్డ్ పార్టీతో పాటు సొంత బండి నష్టానికీ వర్తించే బీమా) ఉందా? ఉంటే, మామూలు ప్రైవేటు కారు పాలసీ కవర్ చేసే నష్టాల్లో ‘రోడ్డు, రైలు మార్గాల్లో రవాణాలో ఉన్నప్పుడు’ అన్నది కూడా ఒకటి. కాబట్టి ట్రైలర్ మీద నుంచి జారి దెబ్బతిన్నా క్లెయిమ్ అడిగే హక్కు మీకుంటుంది. కాకపోతే మీ కారుకు మొదటి 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ 2019తోనే ముగిసి ఉంటుంది. రెన్యువల్ చేయించారో లేదో, చేసిన మార్పులు కంపెనీకి చెప్పారో లేదో చూసుకోండి. క్లెయిమ్ కొట్టేయడానికి ఆ రెండు సాకులు చాలు. ట్రాక్ లోపల మాత్రం ఆ పాలసీ మీద ఆశ పెట్టుకోవద్దు. రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్ కోసం వాడితే పాలసీ వర్తించదని అందులోనే ఉంటుంది. ‘ఇది పోటీ కాదు, ట్రాక్ డే’ అని మీరు అనవచ్చు, కంపెనీ స్పీడ్ టెస్టింగ్ అంటుంది. గోడకు కొడితే ఆ ఖర్చు మీదే అనుకుని వెళ్లండి. అక్కడ సంతకం పెట్టించుకునే ఫారం కూడా చదివి పెట్టండి, పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకునేటప్పుడు మోటార్ స్పోర్ట్ మినహాయింపు ఉందా అని అడగండి.

ఇంకో విషయం. మీ ట్రైలర్ చూసి స్నేహితులు వాళ్ల కార్లు కూడా తీసుకెళ్లమంటారు. డీజిల్ డబ్బులని చెప్పినా సరే, డబ్బు తీసుకుని మోస్తే అది కిరాయి కిందకు వస్తుంది. ప్రైవేటు పాలసీ కిరాయికి వర్తించదు. మొహమాటపడకుండా కాదనండి.

ఇదంతా చదివి, ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్లడానికి ఇంత అవసరమా అనిపిస్తే, అద్దెకు ఫ్లాట్‌బెడ్ బండి (కారును పైకెక్కించి మోసే, వెనక చదునుగా ఉండే లారీ) మాట్లాడుకోవడమే నా సలహా కూడా. రెండు రాష్ట్రాల్లో తిరిగే పర్మిట్, ఫిట్‌నెస్, బీమా వాళ్ల బాధ్యత. ఆ కాగితాల ఫొటోలు ముందే ఫోన్‌లో తెప్పించుకోండి. గూడ్స్ రసీదు ఇచ్చే రిజిస్టరైన ట్రాన్స్‌పోర్టర్‌నే ఎంచుకోండి, ఎందుకంటే అప్పుడు 2007 నాటి రోడ్డు రవాణా చట్టం మీకు అండగా ఉంటుంది. అయితే ఆ చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనల ప్రకారం, సరుకు పోయినా పాడైనా వాళ్ల బాధ్యత మామూలుగా కిరాయికి పది రెట్లకే పరిమితం. ఎక్కువ రిస్కు రేటు చెల్లించి ఎక్కువ విలువకు ముందే ఒప్పుకుంటేనే ఆ పరిమితి దాటుతుంది. కేజ్, సస్పెన్షన్, టైర్లకు మీరు పెట్టిన ఖర్చంతా కలిపి కారు విలువను రసీదులో రాయించండి. ఎక్కించే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. ఏదైనా దెబ్బ తగిలితే, బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు లేకుండా దావా నిలవదు. నోటీసును స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.