సోనికేటర్ టైమ్ పెంచే ముందు ఒకసారి ఇది చదువు

అమ్మా,

నువ్వు నీళ్లలో కలిపిన కార్బన్ నానోట్యూబుల (కంటికి కనిపించనంత సన్నని కార్బన్ గొట్టాల) ఫొటో చూశాను. రాత్రి సిరాలా నల్లగా ఉన్నది పొద్దునకి అడుగున మడ్డి, పైన తేట నీళ్లు. టెన్షన్ పడకు, నీ చేతిలో తప్పేమీ లేదు, ఉత్త నీళ్లలో నానోట్యూబులు ఎవరికీ నిలవవు. కానీ రేపు సోనికేటర్‌ని (శబ్ద తరంగాలతో ద్రవాన్ని కుదిపే మెషీన్‌ని) రెండు గంటలు నడుపుతానన్నావే, అది మాత్రం చెయ్యకు.

ఈ గొట్టాలు పొడవునా ఒకదాన్నొకటి ఆనుకుని కట్టలు కట్టుకుంటాయి. ఒక్కో చోట ఆ పట్టు బలహీనమే, పొడవంతా కలిస్తేనే ఊడదీయడం కష్టం. సోనికేటర్ కట్టని విప్పుతుంది, అంతవరకే దాని పని. విడిపోయినవి మళ్లీ అతుక్కోకుండా చూసేది నువ్వు వాడే సాల్వెంటో (కలిపే ద్రవం), సర్ఫాక్టెంటో (సబ్బులాంటి పదార్థం). నీళ్లే కావాలంటే ఎస్‌డీబీఎస్ గానీ సోడియం కోలేట్ గానీ (రెండూ సర్ఫాక్టెంట్లే) 1 శాతం వేసి చూడు, ప్రోబ్ (సోనికేటర్ కడ్డీ) కొనని మాత్రం బాగా లోపలికి ముంచు, లేకపోతే అంతా నురగే. సాల్వెంట్లలో నేను ముందు ఎన్‌ఎంపీ, తర్వాత డీఎంఎఫ్ చూస్తాను. రెండూ గర్భస్థ శిశువుకి హాని చేసేవే కాబట్టి సరైన గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. పైగా ఎన్‌ఎంపీ 202 డిగ్రీల దగ్గర గానీ మరగదు, తర్వాత వదిలించుకోవడం పెద్ద పని. ఆర్థో డైక్లోరోబెంజీన్‌లో చాలా బాగా కలిసినట్టు కనిపిస్తుంది గానీ సోనికేషన్‌కి ఆ సాల్వెంటే విరిగి పాలిమర్‌లా మారి గొట్టాలకి పట్టుకుంటుంది, ఆ అందం చూసి మోసపోకు.

ఇప్పుడు టైమ్ సంగతి. మొదట్లో నేనూ ఎక్కువసేపు నడిపితే మంచిదనుకుని నాలుగు గంటలు పెట్టాను. ద్రవం అద్భుతంగా వచ్చింది, దాంతో తీసిన ఫిల్మ్‌లో మాత్రం కరెంటు సరిగ్గా పారలేదు. నెల రోజులు ఫిల్మ్‌నే అనుమానించాను. చివరికి రామన్‌లో (లేజర్ కాంతితో చేసే పరీక్షలో) చూస్తే 1350 దగ్గరి, లోపాలని చూపించే డి బ్యాండ్ బాగా పెరిగిపోయి ఉంది, అంటే గొట్టాల గోడలు దెబ్బతిన్నాయి, తెగి పొట్టివి కూడా అయిపోయాయి. అందుకే గిన్నెని ఐసులో పెట్టి, ఆపి ఆపి నడిపి, పది నిమిషాలకోసారి కాస్త తీసి సెంట్రిఫ్యూజ్ చేసి (వేగంగా తిప్పి మడ్డిని అడుక్కి దింపి) పైన తేరినదాని యూవీ అబ్జార్బెన్స్ (అతినీలలోహిత కాంతిని ఎంత పీల్చుకుంటుందో) చూడు. అది పెరగడం ఆగిన చోట నువ్వూ ఆగిపో. నోట్‌బుక్‌లో నిమిషాలు ఒక్కటే రాస్తే ఇంకో మెషీన్ మీద పనికిరావు, పవర్, వాల్యూమ్ కూడా రాయి.

నైట్రిక్, సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ఉడికిస్తే సులువుగా కలుస్తాయని ఎవరో చెప్పారన్నావు. నిజమే, గొట్టాల మీద కార్బాక్సిల్ గుంపులు (నీళ్లతో కలిసే ఆమ్ల గుంపులు) ఎక్కుతాయి, కలుస్తాయి, కానీ వాహకత (కరెంటు పారే గుణం) పడిపోతుంది. నీకు కావాల్సిందే వాహకత కదా.

గొట్టాలని ఎపాక్సీలో (హార్డెనర్ కలిపితే గట్టిపడే రెజిన్‌లో) కలపడానికి వచ్చేసరికి లెక్క మారుతుంది. బలం కోసమైతే ఒక్కో గొట్టం విడిగా ఉండాలి. కరెంటు కోసమైతే అవి ఒకదాన్నొకటి తాకుతూ వల కట్టాలి, కాబట్టి విడదీశాక క్యూరింగ్‌లో (రెజిన్ గట్టిపడేటప్పుడు) కాస్త మళ్లీ దగ్గరికి చేరినా నష్టం లేదు, ఒక్కోసారి మేలే. బాగా కలిస్తే 0.1 శాతం లోపే వల కుదురుతుంది. అందుకని ఎక్కువ పొడి పొయ్యకు, రెజిన్ చిక్కబడి గాలి బుడగలు పోవు. త్రీ రోల్ మిల్ (మూడు రోలర్ల మధ్య నలిపే మెషీన్) దొరికితే సాల్వెంటే అవసరం లేదు, రోలర్ల సందు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ రెజిన్‌ని నాలుగైదు సార్లు పోనివ్వు, హార్డెనర్ ఆఖర్న కలుపు. సాల్వెంట్ వాడక తప్పదంటే వేక్యూమ్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచు, కాస్త మిగిలినా ఎపాక్సీ మెత్తబడి గ్లాస్ ట్రాన్సిషన్ (అది గట్టితనం వదిలి మెత్తబడే ఉష్ణోగ్రత) కిందికి జారుతుంది.

ఇంకొకటి, ఇది నిజంగా వినాలి. పొడి నానోట్యూబులు బెంచి మీద తూచకు. 2014లో ఐఏఆర్‌సీ (అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ) ఒక రకం మల్టీవాల్ (ఒకదాంట్లో ఒకటిగా చాలా గోడలున్న) గొట్టాలని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. మిగతావి మంచివని ఎవరూ తేల్చలేదు. హుడ్ (గాలిని బయటికి లాగేసే ల్యాబ్ పెట్టె) లోపలే సీసా తెరువు, మాస్క్ పెట్టుకో, తూచిన వెంటనే సాల్వెంట్‌తో తడిపెయ్యి, తడిసిన పొడి గాల్లోకి లేవదు.